పాస్‌వర్డ్ సరైనదే, అయినా 535 అంటోంది. మెయిల్స్ వస్తున్నాయి, పంపడమే కుదరట్లేదు

క్యూలో మెయిల్:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

ఆఫీసు మెయిల్ సర్వర్‌ని పాత మెషీన్ నుంచి కొత్తదానికి మార్చాం. సెటప్ మామూలుదే: పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే ప్రోగ్రామ్), డవ్‌కాట్ 2.3 (మెయిల్‌బాక్స్ చూపించేది, పాస్‌వర్డ్ సరిచూసేది), యూజర్లందరూ వర్చువల్ (సర్వర్‌లో సొంత అకౌంట్ లేనివాళ్ళు), పాస్‌వర్డ్‌లు మైఎస్‌క్యూఎల్ టేబుల్‌లో ఉంటాయి. పాతదాంట్లో మైఎస్‌క్యూఎల్ 5.6 ఉండేది, కొత్తదాంట్లో 8 వేశాం. డేటాబేస్ డంప్ తీసి ఇక్కడ ఎక్కించాను, కాన్ఫిగ్ ఫైల్స్ కూడా దాదాపు పాతవే తెచ్చుకున్నాను. మొదట్లో అంతా బాగానే ఉంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఫోన్ చేయడం మొదలుపెట్టారు, "మెయిల్స్ వస్తున్నాయి గానీ పంపుతుంటే పాస్‌వర్డ్ అడుగుతోంది, కొడితే మళ్ళీ అడుగుతోంది" అని. లాగ్‌లో చూస్తే 535 5.7.8 ఆథెంటికేషన్ ఫెయిల్డ్, అంటే లాగిన్ ఒప్పుకోలేదని. అందరికీ కాదు, కొందరికే. పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఇచ్చినా అదే వరస, ఇంకా చెప్పాలంటే రీసెట్ చేశాక ఒక్కరికీ బాగవ్వలేదు.

ఐమ్యాప్ (మెయిల్ చదివే దారి) 993 మీద పనిచేస్తోంది కాబట్టి డవ్‌కాట్ బాగానే ఉందనీ, తేడా అంతా పోస్ట్‌ఫిక్స్ వైపే అనీ నా అనుమానం. మెయిల్ పంపే పోర్ట్ 587 మీద స్టార్ట్‌టీఎల్ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది) వాడుతున్నాం, సాస్ల్ (లాగిన్ సరిచూసే పద్ధతి) టైప్ డవ్‌కాట్, పాత్ ప్రైవేట్/ఆథ్. ఆ రెండూ మాట్లాడుకునే సాకెట్ ఫైల్ ఉంది, ఓనర్ పోస్ట్‌ఫిక్స్, పర్మిషన్ 0660. మాస్టర్.సీఎఫ్ ఎన్నిసార్లు చూసినా ఏ తప్పూ కనపడట్లేదు.

ఇంకోటి, దీనికి సంబంధం ఉందో లేదో గానీ, అప్పుడప్పుడూ ఆఫీసులో ఎవరికీ సర్వర్ కనెక్టే అవ్వదు, బాగా పనిచేసేవాళ్ళకి కూడా. ఓ పది నిమిషాలకి దానంతట అదే సర్దుకుంటుంది. బయట మొబైల్ డేటా మీద ఉన్నవాళ్ళకి ఆ టైమ్‌లో కూడా బాగానే ఉంటుంది.

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కమాండ్‌తో సర్వర్‌కి నేరుగా కనెక్టై చేత్తో టెస్ట్ చేద్దామని కూర్చుంటే ఇంకా అయోమయం: ఏ ఇబ్బందీ లేని యూజర్‌తో కూడా 535 వచ్చింది! అక్కడితో నా బుర్ర పనిచేయడం మానేసింది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్.

లాగ్ పురుగు:

ముందు పోస్ట్‌ఫిక్స్‌ని వదిలేయండి. మీకొచ్చిన నంబరే సగం విషయం చెప్తోంది. 535 రావాలంటే పోస్ట్‌ఫిక్స్ ఆ సాకెట్ ద్వారా డవ్‌కాట్‌ని అడగాలి, డవ్‌కాట్ "కాదు" అని జవాబివ్వాలి. సాకెట్ అసలు కనపడకపోతే ఎస్ఎమ్‌టీపీడీ ప్రాసెస్సే 'సాస్ల్ మెకానిజమ్స్ లేవు' అని ఫేటల్ కొట్టి పడిపోతుంది. మధ్యలో సంబంధం తెగితే 454, అంటే టెంపరరీ ఫెయిల్యూర్ వస్తుంది. ఆథ్ (లాగిన్) అసలు ఆన్ చేయకపోతే 503 వస్తుంది. రిలే యాక్సెస్ డినైడ్ అని 554 వస్తే అది పాస్‌వర్డ్ గొడవే కాదు, క్లయింట్ అసలు లాగిన్ అవ్వకుండానే బయటికి పంపాలని చూస్తోందని అర్థం. మీకు ఇవేవీ కాదు, నికార్సైన 535. కాబట్టి పాస్‌వర్డ్ పోల్చే చోటే వెతకాలి, ఆ పోల్చే పని డవ్‌కాట్‌ది. మీ సెటప్‌లో పోస్ట్‌ఫిక్స్ ఇటు అడిగి అటు చెప్పే మనిషే, అంతే.

సర్వర్ మీద రూట్‌గా 'డవ్‌అడ్మ్ ఆథ్ టెస్ట్' కొట్టండి, పక్కన యూజర్ మెయిల్ అడ్రస్ ఇస్తే చాలు, పాస్‌వర్డ్ అదే అడుగుతుంది. కమాండ్ లైన్‌లోనే పాస్‌వర్డ్ రాయకండి, హిస్టరీలో ఉండిపోతుంది, పైగా అందులో డాలరో ఆశ్చర్యార్థకమో ఉంటే షెల్ దాన్ని తనకి నచ్చినట్టు మార్చేస్తుంది. బాగా పనిచేసే యూజర్ ఒకరు, ఇబ్బంది పడే యూజర్ ఒకరు, ఇద్దరితోనూ చేయండి. ఇక్కడ నెట్‌వర్క్, టీఎల్ఎస్, క్లయింట్, పోస్ట్‌ఫిక్స్ ఏవీ మధ్యలోకి రావు.

అలాగే డవ్‌కాట్‌లో ఆథ్ వెర్బోస్, ఆథ్ డీబగ్ రెండూ యెస్ (ఆన్) పెట్టి రీలోడ్ చేయండి. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో వచ్చే 'సాస్ల్ లాగిన్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్' లైన్ చివర అక్షరాల కలగాపులగం ఒకటి కనపడితే కంగారు పడొద్దు, 'పాస్‌వర్డ్:' అన్న ముక్కని బేస్64లో రాస్తే వచ్చేది అదే, దాన్ని పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు. అసలు కారణం డవ్‌కాట్ లాగ్‌లోనే ఉంటుంది. 'అన్‌నోన్ యూజర్' అందా, 'పాస్‌వర్డ్ మిస్‌మ్యాచ్' అందా అన్నది చూసి ఇక్కడ పెట్టండి. రెండూ వేరే వేరే దారులు. మొదటిదైతే క్వెరీ లేదా యూజర్‌నేమ్ ఫార్మాట్ (డొమైన్‌తో కలిపి పంపుతున్నారా, ఊరికే పేరు పంపుతున్నారా అన్న గొడవ). రెండోదైతే హాష్ (టేబుల్‌లో పాస్‌వర్డ్ బదులు దాచే, దాన్నుంచి లెక్కకట్టిన అక్షరాలు).

పోర్ట్ 587:

ఆ పది నిమిషాల మాట చూడగానే నాకు ఫెయిల్‌2బ్యాన్ గుర్తొచ్చింది బ్రో. దాని డీఫాల్ట్ బ్యాన్ టైమ్ సరిగ్గా 10 నిమిషాలు, 10 నిమిషాల్లో 5 సార్లు తప్పు కొడితే ఆ ఐపీని ఆపేస్తుంది. ఆఫీసు మొత్తం ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటుంది కదా, ఎవరి ఫోనో పాత పాస్‌వర్డ్‌తో ఆగకుండా తలుపు కొడుతూ ఉంటే శిక్ష అందరికీ పడుతుంది. మొబైల్ డేటా వాళ్ళకి వేరే ఐపీ కాబట్టి వాళ్ళకి ఏమీ అవ్వదు. 'ఫెయిల్2బ్యాన్ క్లయింట్ స్టేటస్' అని కొట్టి, పక్కన జైల్ (ఒక్కో సర్వీసుకీ పెట్టుకునే బ్యాన్ రూల్) పేరు ఇచ్చి చూడు, మీ ఆఫీసు ఐపీ ఆ లిస్టులో కనపడుతుంది.

ఇది 535కి కారణం కాదు, ముందే చెప్తున్నా. బ్యాన్ పడితే కనెక్షనే కుదరదు, 535 అని చెప్పేంత దూరం కూడా వెళ్ళదు. రెండూ కలిసి వచ్చేసరికి ఒకటే గొడవలా కనపడుతోంది. ఇగ్నోర్‌ఐపీలో (బ్యాన్ చేయకుండా వదిలేసే లిస్టు) ఆఫీసు ఐపీ వేసుకో, కనీసం ఇది తేలేవరకైనా. లేకపోతే నువ్వు చేసే టెస్టులే నిన్ను బ్యాన్ చేస్తాయి, ఏది మార్చడం వల్ల ఏది జరిగిందో తెలియదు.

క్యూలో మెయిల్:

ఇద్దరికీ థాంక్స్ అండి. ఫెయిల్2బ్యాన్ లిస్టులో నిజంగానే మా ఐపీ ఉంది. ఇగ్నోర్‌ఐపీలో వేశాను, ఆ టెన్షన్ తీరింది.

ఇక డవ్‌అడ్మ్ టెస్ట్: మంచి యూజర్ పాస్, ఇబ్బంది యూజర్ ఫెయిల్. లాగ్‌లో 'పాస్‌వర్డ్ మిస్‌మ్యాచ్' అనే ఉంది. అంటే డవ్‌కాటే కాదంటోంది, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడే నాకు అర్థం కావట్లేదు, డవ్‌కాట్ ఆ పాస్‌వర్డ్‌ని ఒప్పుకోనప్పుడు ఆ మనిషికి మెయిల్స్ ఎలా వస్తున్నాయి? ఐమ్యాప్‌కి కూడా అదే పాస్‌వర్డ్, అదే టేబుల్ కదా. నా కళ్ళ ముందే అతని అవుట్‌లుక్‌లో కొత్త మెయిల్ వచ్చి పడింది.

లాగ్ పురుగు:

వస్తాయి, ఎందుకంటే ఐమ్యాప్‌లో పాస్‌వర్డ్ అడిగేది కనెక్షన్ మొదట్లో ఒక్కసారే. తర్వాత క్లయింట్ ఐడిల్‌లో కూర్చుంటుంది, కనెక్షన్ తెగనంతసేపూ కొత్త మెయిల్ వస్తూనే ఉంటుంది. మీరు టేబుల్‌లో పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అప్పటికే లోపల ఉన్న సెషన్‌ని డవ్‌కాట్ బయటికి పంపదు. పంపడం అలా కాదు, పంపిన ప్రతిసారీ దాదాపు కొత్త కనెక్షనే, ప్రతిసారీ కొత్తగా ఆథ్. అందుకే తేడా ముందు పంపే దగ్గర బయటపడుతుంది, "రావడం బాగుంది, పంపడం బాగాలేదు" అన్న బొమ్మ కనపడుతుంది, దాన్ని నమ్మి అందరూ పోస్ట్‌ఫిక్స్‌ని తవ్వడం మొదలుపెడతారు.

కావాలంటే 'డవ్‌అడ్మ్ హూ' కొట్టి ఆయన సెషన్ చూడండి, తర్వాత 'డవ్‌అడ్మ్ కిక్' తో ఆ యూజర్‌ని బయటికి పంపండి. అవుట్‌లుక్ మళ్ళీ కనెక్ట్ అవ్వాలని చూసి అక్కడ కూడా పాస్‌వర్డ్ అడుగుతుంది. (ఆయనకి ముందు చెప్పి చేయండి, లేకపోతే "ఇప్పుడు రావడం కూడా ఆగిపోయింది" అని ఇంకో ఫోన్ వస్తుంది.)

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇబ్బంది పడేవాళ్ళందరూ కొత్త మెషీన్‌కి వచ్చాక పాస్‌వర్డ్ మార్చుకున్నవాళ్ళో, కొత్తగా చేరినవాళ్ళో అయి ఉంటారని నా అంచనా. అవునా? అవునైతే మీరు కొత్త పాస్‌వర్డ్ టేబుల్‌లో ఎలా పెడుతున్నారు, ఏ కమాండ్‌తో? అది అడుగు అడుగునా రాయండి.

నల్ బైట్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, ఆ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ టెస్ట్ సంగతి ఎవరూ తేల్చలేదు. మంచి యూజర్‌కి కూడా 535 వచ్చిందంటే మీరు బేస్64 ముక్క 'ఎకో మైనస్ ఈ' తో తయారుచేసి ఉంటారు. ఆథ్ ప్లెయిన్ అనే లాగిన్ పద్ధతికి ఇవ్వాల్సింది నల్ బైట్ (విలువ సున్నా ఉన్న బైట్), యూజర్, మళ్ళీ నల్ బైట్, పాస్‌వర్డ్. ఎకో చివర్లో ఒక న్యూలైన్ కూడా చేరుస్తుంది, అది పాస్‌వర్డ్‌లో భాగమైపోతుంది, సర్వర్‌కి అందింది వేరే పాస్‌వర్డ్ అన్నమాట. 'ప్రింట్‌ఎఫ్' వాడండి. అందులోనూ రెండు చిక్కులు: నల్ బైట్‌ని \0 అని ఒక్క సున్నాతో రాస్తే, వెంటనే వచ్చే యూజర్‌నేమో పాస్‌వర్డో అంకెతో మొదలైతే ఆ అంకెని కూడా కలుపుకుని ఇంకేదో బైట్ చేసేస్తుంది, అందుకే \000 అని మూడు సున్నాలు పెట్టడం మేలు. పాస్‌వర్డ్‌లో పర్సెంట్ గుర్తు ఉంటే ప్రింట్‌ఎఫ్ దాన్ని ఫార్మాట్ అనుకుంటుంది, రెండుసార్లు రాయాలి.

ఆథ్ దాటి ముందుకు వెళ్ళి పూర్తిగా మెయిల్ పంపి చూడాలనుకుంటే ఇంకో తమాషా ఉంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎస్ క్లయింట్‌లో పెద్దక్షరం 'ఆర్'తో మొదలయ్యే లైన్ కొడితే అది సర్వర్‌కి వెళ్ళదు, రీనెగోషియేషన్ మొదలుపెట్టమని దానికి అర్థమవుతుంది. ఆర్‌సీపీటీ (మెయిల్ ఎవరికో చెప్పే) లైన్ దగ్గర అందరూ ఇక్కడే పడతారు. ఆ కమాండ్ చిన్నక్షరాలతో కొట్టండి, లేదా 'క్వయెట్' ఆప్షన్ ఇవ్వండి.

క్యూలో మెయిల్:

నల్ బైట్ గారూ, అదే! ఎకో మైనస్ ఈ. ప్రింట్‌ఎఫ్‌తో చేస్తే మంచి యూజర్‌కి 235 వచ్చింది, అంటే లాగిన్ అయింది.

లాగ్ పురుగు గారూ, మీ అంచనా సరిగ్గా సరిపోయింది. మెషీన్ మారాక పాస్‌వర్డ్ ముట్టుకోని ఒక్కరికీ ఇబ్బంది లేదు. నేను పెట్టే పద్ధతి ఇదీ: పాత మెషీన్‌లో మైఎస్‌క్యూఎల్ ఎన్‌క్రిప్ట్ ఫంక్షన్‌కి $6$ సాల్ట్ (హాష్‌లో కలిపే అదనపు అక్షరాలు) ఇచ్చి నేరుగా అప్‌డేట్ చేసేవాణ్ణి. కొత్తదాంట్లో ఆ ఫంక్షనే లేదంది. అందుకని 'డవ్‌అడ్మ్ పీడబ్ల్యూ' తో, స్కీమ్ (హాష్ చేసే పద్ధతి) ఎస్‌హెచ్‌ఏ512-క్రిప్ట్ అని ఇచ్చి హాష్ తీసుకుని, వచ్చిన లైన్ మొత్తం కాపీ చేసి టేబుల్‌లో అప్‌డేట్ చేస్తున్నాను. ఎర్రర్ ఏమీ రాదు, ఒక రో మారిందని చెప్తుంది. డవ్‌కాట్ ఎస్‌క్యూఎల్ ఫైల్‌లో డీఫాల్ట్ పాస్ స్కీమ్ కూడా ఎస్‌హెచ్‌ఏ512-క్రిప్టే. స్కీమ్ తేడా అయితే లేదు.

టేబుల్ మనిషి:

ఎన్‌క్రిప్ట్ ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్ 8లో తీసేశారు (5.7లోనే ఇక వాడొద్దని హెచ్చరిక వచ్చేది), కాబట్టి అక్కడ ఆశ్చర్యం లేదు. నా కన్ను పడింది "వచ్చిన లైన్ మొత్తం" అన్న మాట మీద. పాస్‌వర్డ్ కాలమ్ ఎంత పొడుగు? వర్‌చార్ 106 (106 అక్షరాలే పట్టేది) అయి ఉంటుందని నా అనుమానం, చాలా పాత ట్యుటోరియల్స్‌లో టేబుల్ అలాగే కట్టిస్తారు.

ఆ 106 ఎక్కడిదంటే, $6$ అన్నది 3 అక్షరాలు, సాల్ట్ 16, ఒక డాలర్, హాష్ 86. మొత్తం 106, సరిగ్గా సరిపోతుంది, ఒక్క అక్షరం ఖాళీ కూడా ఉండదు. మీ పాత ఎన్‌క్రిప్ట్ ఇచ్చింది అంతే. కానీ డవ్‌అడ్మ్ పీడబ్ల్యూ ముందు స్కీమ్ పేరు కూడా బ్రాకెట్లలో తగిలించి ఇస్తుంది, ఆ ముక్క 14 అక్షరాలు. అంటే 120. దాన్ని 106 కాలమ్‌లో కుక్కితే చివరి 14 అక్షరాలు పోతాయి. డవ్‌కాట్ మీరిచ్చిన పాస్‌వర్డ్‌ని మళ్ళీ హాష్ చేసి పూర్తి పొడుగుది తెస్తుంది, టేబుల్‌లో తోక తెగినది ఉంది, రెండూ ఎప్పటికీ కలవవు, మిస్‌మ్యాచ్.

మామూలుగా అయితే మైఎస్‌క్యూఎల్ 8 ఈ పని చేయనివ్వదు, స్ట్రిక్ట్ మోడ్ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది (5.7 నుంచే), 'డేటా టూ లాంగ్' అని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. మీకు ఎర్రర్ రాలేదంటున్నారు కాబట్టి పాత కాన్ఫిగ్‌తో పాటు ఎస్‌క్యూఎల్ మోడ్‌ని (స్ట్రిక్ట్ మోడ్ ఉండే సెట్టింగ్) ఖాళీ చేసిన లైన్ ఏదైనా వచ్చిందేమో చూడండి. అలాంటప్పుడు ఊరికే వార్నింగ్ ఇచ్చి కోసేస్తుంది, ఆ వార్నింగ్ ఎవరూ చదవరు.

ఇంకో అనుమానం కూడా ఉంది, ముందు రెండిటినీ విడదీయాలి. అప్‌డేట్‌ని షెల్ నుంచి, డబుల్ కోట్స్ మధ్య ఇస్తున్నారా? అలా అయితే $6 అన్నదాన్ని షెల్ వేరియబుల్ అనుకుని మింగేస్తుంది, ముందున్న డాలర్‌తో సహా సాల్ట్ కూడా ఎగిరిపోతుంది. టేబుల్‌లో ఆ పాస్‌వర్డ్‌ల పొడుగు క్యార్ లెంగ్త్ ఫంక్షన్‌తో చూడండి. సరిగ్గా 106 ఉండి, బ్రాకెట్‌తో మొదలైతే కాలమ్ కోసేసింది. 106 కన్నా తక్కువ ఉంటే షెల్ పని.

క్యూలో మెయిల్:

106. అన్నీ 106. బ్రాకెట్‌తో మొదలైనవన్నీ.

కాలమ్ వర్‌చార్ 106నే. పాత మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ నుంచి ఎస్‌క్యూఎల్ మోడ్ ఖాళీగా ఉన్న లైన్ కూడా వచ్చేసింది, ఎప్పుడో మా వెబ్‌మెయిల్ ఏదో క్వెరీకి అలిగితే పెట్టిన లైన్ అట, పెట్టిన ఆయన ఇప్పుడు ఇక్కడ లేరు. ఈ ట్రంకేషన్ గురించి ఎక్కడా ఒక్క లాగ్ లైన్ లేదు, అదే ఒళ్ళు మండుతోంది.

ఇప్పుడు కాలమ్‌ని 255 చేస్తే సరిపోతుందా? తెగిపోయిన ఆ 14 అక్షరాలు ఎక్కడి నుంచైనా తిరిగి తెచ్చుకోవచ్చా, లేక అందరికీ మళ్ళీ రీసెట్ చేయాలా? ముప్పై మందికి పైగా ఉన్నారు, మళ్ళీ ఫోన్లు చేయాలంటే సిగ్గుగా ఉంది.

టేబుల్ మనిషి:

255 చేయండి. 120 చాలు కదా అని లెక్కగా పెట్టకండి, రేపు ఇంకా పొడుగు హాష్ ఇచ్చే స్కీమ్‌కి మారితే మళ్ళీ ఇదే కథ. ప్రిఫిక్స్ (ముందు బ్రాకెట్లలో ఉన్న స్కీమ్ పేరు) తీసేసి పెట్టినా 106లో పడుతుంది, మీ డీఫాల్ట్ స్కీమ్ అదే కాబట్టి పనిచేస్తుంది కూడా, కానీ ప్రిఫిక్స్ ఉంటేనే మంచిది. ఒకే టేబుల్‌లో పాత స్కీమ్, కొత్త స్కీమ్ పక్కపక్కనే బతకగలిగేది దాని వల్లే. మీరు ఎస్‌హెచ్‌ఏ512 బదులు బీఎల్‌ఎఫ్-క్రిప్ట్ ఎంచుకుని ఉంటే హాష్ 60, ప్రిఫిక్స్ 11, మొత్తం 71, ఈ కాలమ్‌లో హాయిగా సరిపోయేది, ఈ గొడవ ఇంకెన్నేళ్ళకో బయటపడేది!

తెగినవి తిరిగి రావు. కాలమ్ పెంచినా లోపలున్నది తెగిన ముక్కే. రీసెట్ తప్పదు. కాకపోతే టేబుల్ మార్చేముందు ఒక క్వెరీతో బ్రాకెట్‌తో మొదలై 106 పొడుగున్న వాళ్ళ లిస్టు తీసి పెట్టుకోండి, వాళ్ళకి మాత్రమే చేస్తే చాలు, పాతవాళ్ళని కదిలించకండి.

ఎస్‌క్యూఎల్ మోడ్ లైన్ కూడా తీసేయండి. వెబ్‌మెయిల్ మళ్ళీ అలిగితే దాన్ని అప్‌డేట్ చేయండి, లేదా ఆ ఒక్క అప్లికేషన్ కనెక్షన్‌కి మాత్రమే మోడ్ మార్చుకునే వీలుందేమో చూడండి. సర్వర్ మొత్తానికి ఆపేయడం మాత్రం వద్దు.

దారిన పోయేవాడు:

నాకూ ఇలాంటిదే, కానీ నాది డవ్‌కాట్ 2.4. డెబియన్ 13కి అప్‌గ్రేడ్ చేశాక సర్వీసే లేవట్లేదు. నాది కూడా కాలమ్ పొడుగేనా?

లాగ్ పురుగు:

కాదండి, మీది వేరే కథ, దయచేసి కొత్త పోస్టు పెట్టండి. 2.3 కాన్ఫిగ్ 2.4లో అలాగే నడవదు. మొదటి సెట్టింగ్‌గా డవ్‌కాట్ కాన్ఫిగ్ వెర్షన్ రాయాలి, చాలా సెట్టింగుల పేర్లు మారాయి. ఉదాహరణకి 'డిసేబుల్ ప్లెయిన్‌టెక్స్ట్ ఆథ్' పోయి 'ఆథ్ అలౌ క్లియర్‌టెక్స్ట్' వచ్చింది, అర్థం తలకిందులైంది కాబట్టి పాత యెస్‌ని అలాగే యెస్ అని దించితే ఎన్‌క్రిప్షన్ లేకుండానే పాస్‌వర్డ్‌లు ఒప్పుకోవడం మొదలవుతుంది. 'డవ్‌కాన్ఫ్ మైనస్ ఎన్' కొట్టి అది ఏ లైన్ దగ్గర ఆగుతోందో ఆ ఎర్రర్‌తో సహా పోస్ట్ చేయండి.

క్యూలో మెయిల్ గారూ, రీసెట్లు చేసేటప్పుడు ప్రతి యూజర్‌కీ ఫోన్ చేసే ముందే డవ్‌అడ్మ్ ఆథ్ టెస్ట్ ఒకసారి కొట్టి చూసుకోండి. ఆథ్ డీబగ్ ఆపేయడం మర్చిపోవద్దు. ఎక్కడైనా 'ఆథ్ డీబగ్ పాస్‌వర్డ్స్' కూడా ఆన్ చేసి ఉంటే అది ఇంకా ముందు ఆపండి, అది అందరి పాస్‌వర్డ్‌లూ ఉన్నవి ఉన్నట్టు లాగ్‌లో రాస్తుంది, ఆ లాగ్ ఫైల్స్ కూడా తుడిచేయాలి.

క్యూలో మెయిల్:

కాలమ్ 255 చేశాను, మోడ్ లైన్ తీసేశాను, వెబ్‌మెయిల్ ఏమీ అనలేదు. లిస్టులో మొదటి ఇద్దరికి రీసెట్ చేసి చూశా, డవ్‌అడ్మ్ పాస్, అవుట్‌లుక్ నుంచి మెయిల్ వెళ్ళింది. మిగతావాళ్ళవి రేపు పొద్దున. ఆథ్ డీబగ్ పాస్‌వర్డ్స్ ఆన్ చేయలేదు, మామూలు డీబగ్ ఆపేశాను. ఆఫీసు ఐపీని ఫెయిల్2బ్యాన్ ఇగ్నోర్ లిస్టులో అలాగే ఉంచొచ్చా, తీసేయాలా?

పోర్ట్ 587:

రీసెట్లు అయ్యాక కొన్నాళ్ళు ఉంచు బ్రో. పాత పాస్‌వర్డ్ పెట్టుకున్న ఫోన్లు ఇంకా తలుపు కొడుతూనే ఉంటాయి. లాగ్‌లో మీ ఐపీ నుంచి ఫెయిల్ లైన్లు పూర్తిగా ఆగాక తీసెయ్.